అరవై ఏడు నిమిషాల చుక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్వేతకుబ్జాలున్న (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తారలున్న) ఎక్స్‌రే జంట తారల గురించి వేసిన వ్యాసం తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ఎక్స్‌రే పల్సర్ (లయ తప్పకుండా ఎక్స్‌రేల్లో మిణికే చుక్క) అంటే న్యూట్రాన్ తార అనే మేం చదువుకున్నాం. భూమంత ఉండే శ్వేతకుబ్జానికి ఆ శక్తి ఎక్కడిది? — మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు

పక్కనున్న తార నుంచి కారే వాయువు శ్వేతకుబ్జం మీద పడేటప్పటి వేగమే ఆ శక్తి. సూర్యుడికి దగ్గర దగ్గరగా ఉండే ద్రవ్యరాశిని భూమంత గోళంలోకి కుదిస్తే, దాని మీద పడే పదార్థం సెకనుకు కొన్ని వేల కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మీరడిగిన రకం తారల్లో, అంటే ఇంటర్మీడియట్ పోలార్లలో, శ్వేతకుబ్జపు అయస్కాంత క్షేత్రం సుమారు పది లక్షల నుంచి కోటి గాస్ దాకా ఉంటుంది. వాయువు ముందు డిస్క్‌లా చుట్టుకుంటుంది. లోపలి అంచు దగ్గర అయస్కాంత రేఖలు దాన్ని పట్టుకుని ధ్రువాల వైపు తెరలాగా జారవిడుస్తాయి. ఉపరితలానికి కాస్త పైన ఆ ప్రవాహం ఢీకొని ఆగిపోయే చోట ఉష్ణోగ్రత కోటి డిగ్రీలు దాటి పది కోట్ల దాకా పోతుంది. ఎక్స్‌కిరణాలు పుట్టేది అక్కడే. శ్వేతకుబ్జం తన చుట్టూ తాను తిరిగే కొద్దీ ఆ వేడి మచ్చ మనకు కనబడుతూ, దాగుతూ ఉంటుంది. మధ్యలో ఆ వాయువు తెర కూడా అడ్డొస్తుంది. మనకు పల్స్‌గా కనబడేది ఈ రెండూ కలిసిన ఫలితం.

న్యూట్రాన్ తార వ్యాసార్థం పది కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి అదే కిలో పదార్థం అక్కడ పడితే వందల రెట్లు ఎక్కువ శక్తి వస్తుంది. అందుకే శ్వేతకుబ్జపు జంటలు ఎక్స్‌రేల్లో బాగా మసక. మనకు దగ్గరగా ఉన్నవే పనికొస్తాయి. క్షేత్రం ఇంకా బలంగా, కోట్ల గాస్‌లలో ఉంటే శ్వేతకుబ్జం జోడీ తారతో కట్టేసినట్టు ఒకే లయలో తిరుగుతుంది. అవి పోలార్లు. వాటిలో భ్రమణమూ కక్ష్యా ఒకటే కనుక వేరే పల్స్ ఉండదు.

ఎక్స్‌రేలు నేల దాకా రావు కదా. నా దగ్గర 8 అంగుళాల న్యూటోనియన్, చల్లబరిచే మోనో కెమెరా, ఈక్వటోరియల్ మౌంట్ ఉన్నాయి. మొదటి చుక్కగా ఏది పెట్టుకోవాలి? ఎలా తీయాలి? — ఖమ్మం

ఎక్స్‌కిరణాలు రావు గానీ, అవి డిస్క్‌నీ, జోడీ తారనీ వేడెక్కిస్తే ఆ వేడి మామూలు వెలుగులో మనకు చేరుతుంది. తెర కూడా స్వయంగా వెలుగుతుంది. అదే గడియారం మామూలు కెమెరాలోనూ దొరుకుతుందన్నమాట.

మొదటి చుక్కగా ఈఎక్స్ హైడ్రేను పెట్టుకోండి. భ్రమణం 67.03 నిమిషాలు, కక్ష్య 98.26 నిమిషాలు, వెలుగు 13వ మాగ్నిట్యూడ్ దగ్గర (ఈ అంకె పెరిగే కొద్దీ తార మసక), దూరం సుమారు 185 కాంతి సంవత్సరాలు. విదేశీ మార్గదర్శకాల్లో దీన్ని కొత్తవాళ్ళకు పెద్దగా చెప్పకపోవడానికి కారణం అది దక్షిణాన, మైనస్ 29 డిగ్రీల డెక్లినేషన్‌లో, అంటే ఖగోళ మధ్యరేఖకు 29 డిగ్రీలు కింద, ఉండటమే. యూరప్‌లో చాలా చోట్ల అది దిగంతం మీద పాకుతుంటుంది. మనకు హైదరాబాద్ అక్షాంశంలో 43 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. పైగా దాని కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా, మనకు మబ్బు లేని రోజులు. ఉగాది అమావాస్య మర్నాడే కనుక పండగకు ముందు వారం, తర్వాత మూడు నాలుగు రోజులు చంద్రుడి బెడద ఉండదు. ఏడాదిలో ఒక్క వారమే ఖాళీ ఉంటే అదే వారం తీసుకోండి.

దారి: హస్త నక్షత్రపు నాలుగు చుక్కల్లో కింద ఎడమ వైపున్నది బీటా కార్వై. అక్కడి నుంచి ఆరు డిగ్రీలు దక్షిణానికి, నాలుగు డిగ్రీలు తూర్పుకు. ఎం68 తారాగుచ్ఛం దాటాక దాదాపు నాలుగు డిగ్రీలు. ఖచ్చితమైన చోటు (రైట్ అసెన్షన్, డెక్లినేషన్) 12 గంటల 52.4 నిమిషాలు, మైనస్ 29 డిగ్రీల 15 నిమిషాలు. అమెరికన్ వేరియబుల్ స్టార్ సంఘం, అంటే ఏఏవీఎస్‌ఓ, ఉచితంగా ఇచ్చే చార్టు తీసుకుని అందులో కంపారిజన్ తారలు (వెలుగు పోల్చడానికి) రెండు, చెక్ తార (కొలత సరిగా ఉందో చూడటానికి) ఒకటి ముందే ఎంచుకోండి. దీని రంగు నీలం. ఎర్రటి కంపారిజన్‌ను పెట్టుకుంటే చుక్క కిందికి దిగే కొద్దీ గాలి నీలాన్ని ఎక్కువగా మింగేస్తుంది, మీ గ్రాఫ్ రాత్రి చివర్లో వంగుతుంది. ఆ వంపు తారది కాదు.

ఏప్రిల్ నడుమ అది రాత్రి పదకొండున్నర దాటాక నడినెత్తి రేఖ (ఉత్తర దక్షిణాలను కలుపుతూ నడినెత్తి మీదుగా పోయే గీత) మీదికి వస్తుంది. ఎనిమిదిన్నర నుంచి రెండున్నర దాకా ఆరు గంటలు తీయొచ్చు. రెండు చివర్లా ఎత్తు 26 డిగ్రీలే కనుక అక్కడి కొలతలు గ్రాఫ్‌లో కొంచెం గరుకుగా వస్తాయి, ఫరవాలేదు.

ఎక్స్‌పోజర్ 20 సెకన్లు, వి ఫిల్టర్‌తో (ఆకుపచ్చ వెలుగు దగ్గరి భాగాన్ని మాత్రమే పంపేది). 67 నిమిషాల పల్స్‌కి నిమిషం ఎక్స్‌పోజరైనా చాలు. కానీ ప్రతి 98 నిమిషాలకూ ఒక చిన్న పాక్షిక గ్రహణం వస్తుంది, దాని నిడివి రెండు మూడు నిమిషాలే. నిమిషం ఎక్స్‌పోజర్లో అది గ్రాఫ్ మీద రెండు కొలతలుగా మిగిలిపోతుంది. 8 అంగుళాలకు 20 సెకన్లలో ఒక్కో కొలత లోపం 0.01 నుంచి 0.015 మాగ్నిట్యూడ్ మధ్య ఉంటుంది. పల్స్ ఎత్తు 0.2కు అటూ ఇటూ. చాలినంత మార్జిన్ ఉంది.

కూలర్ సంగతి. మన ఏప్రిల్లో రాత్రి పదింటికి కూడా డాబా మీద 30 డిగ్రీలుంటుంది. కెమెరా బయటి గాలి కంటే 35 డిగ్రీలు తగ్గించగలదని రాసి ఉంటే మైనస్ 5 అడగకండి, సున్నా దగ్గర పెట్టండి. కూలర్ నూరు శాతం మీద పరుగెత్తుతూ ఉష్ణోగ్రత ఊగుతుంటే డార్కులు (మూత పెట్టి తీసి, బొమ్మలోంచి తీసేసేవి) సరిపోవు. డాబా పగలంతా తాగిన ఎండని రాత్రి వదులుతుంది కనుక సాయంత్రం ఆరింటికే నేల మీద నీళ్ళు చల్లి ఆరనివ్వండి. ఆకాశం నిలకడ మెరుగవుతుంది. కెమెరా, మౌంట్ రెండూ బ్యాటరీ మీదే నడపండి. కరెంటు ఒక్క క్షణం పోయొస్తే కూలర్ మళ్ళీ మొదటికొస్తుంది.

ఫ్లాట్లు (సమానమైన వెలుగు మీద తీసి, ధూళి మచ్చలనూ అంచుల మసకనూ దిద్దడానికి వాడేవి) ఆ రాత్రివే కావాలి, కనీసం 20. మీ మౌంట్ జర్మన్ తరహాది అయితే చుక్క నడినెత్తి రేఖ దాటేటప్పుడు మౌంట్ తిరగబడాలి. అప్పుడు తార చిప్‌లో ఎదుటి మూలకు పోతుంది. ఫ్లాట్ సరిగా లేకపోతే గ్రాఫ్‌లో అక్కడే 0.03, 0.04 మెట్టు కనిపిస్తుంది. మెట్టు వస్తే రెండు సగాలనూ చేత్తో జరిపి అతికించకండి. చెక్ తారలో కూడా అదే మెట్టు ఉందేమో చూసి, ఫ్లాట్లు మళ్ళీ తీయండి.

కొలతకు ఆస్ట్రోఇమేజ్‌జే అనే ప్రోగ్రాం చాలు. అపర్చర్ (తార వెలుగును కలిపి లెక్కించే వలయం) వ్యాసార్థం తార బొమ్మ సగం ఎత్తు దగ్గరి వెడల్పుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, చెక్ తార గ్రాఫ్ ఎక్కడ అన్నిటికంటే చదునుగా వస్తే అక్కడ ఆపండి.

ఒక హెచ్చరిక. ఈ తార అప్పుడప్పుడు రెండు మూడు రోజుల పాటు 10వ మాగ్నిట్యూడ్ పైకి ఎగుస్తుంది. అప్పుడు మీ 20 సెకన్ల బొమ్మలో అది నిండిపోయి తెల్లగా పేలుతుంది. మొదటి ఫ్రేమ్ చూడగానే చుట్టుపక్కల తారల కంటే బాగా ప్రకాశంగా ఉంటే ఎక్స్‌పోజర్ 2 సెకన్లకు దించి, ఆ రాత్రే ఏఏవీఎస్‌ఓకు పంపండి. ఎవరో ఒకరు దాని కోసం ఎదురు చూస్తూనే ఉంటారు.

ఎఫ్‌ఓ అక్వేరీని నవంబరులో ఒక రాత్రి నాలుగు గంటలు తీశాను. పీరియడ్ (ఒక లయ తిరిగొచ్చే కాలం) 21.7 నిమిషాలు వచ్చింది. అన్ని చోట్లా 20.9 అనే ఉంది. తప్పు కెమెరాదా, నాదా? — కాకినాడ

ఇద్దరిదీ కాదు, రాత్రిది. ఆ తార భ్రమణం 1254 సెకన్లు, అంటే 20.9 నిమిషాలు, రోజుకు 68.9 చుట్లు. కక్ష్య 4.85 గంటలు, రోజుకు 4.95 చుట్లు. శ్వేతకుబ్జం నుంచి తిరుగుతూ వచ్చే ఎక్స్‌రే కాంతి జోడీ తారను మళ్ళీ తాకాలంటే, ఆ జోడీ కూడా ఈలోగా కక్ష్యలో కొంత ముందుకు పోయి ఉంటుంది కనుక, కాస్త ఆలస్యమవుతుంది. గడియారంలో పెద్ద ముల్లు చిన్న ముల్లును అందుకోడానికి గంట మీద ఐదు నిమిషాల పైచిలుకు పట్టినట్టే. ఆ ఆలస్యపు లయ రోజుకు 68.9లోంచి 4.95 తీసేస్తే 63.9 చుట్లు, అంటే 22.5 నిమిషాలు. దీన్నే బీట్ అంటారు. మామూలు వెలుగులో భ్రమణమూ బీటూ రెండూ ఉంటాయి.

నాలుగు గంటల డేటాతో విడదీయగలిగేది రోజుకు 6 చుట్లు, అంతకు మించిన తేడానే. మీకు కావలసింది 4.95. అందుకే పీరియడ్ వెతికే గ్రాఫ్‌లో రెండు లయల శిఖరాలూ ఒకటిగా కలిసి నడుమ 66.4 దగ్గర, అంటే 21.7 నిమిషాల దగ్గర వచ్చాయి. మీ లెక్క సరిగ్గానే ఉంది. రాత్రికి కనీసం ఐదు గంటలు, వీలైతే ఆరు తీయండి. నవంబరు మొదట్లో అది రాత్రి ఎనిమిదింటికి ముందే నడినెత్తి రేఖ చేరి అర్ధరాత్రికి 23 డిగ్రీలకు దిగిపోతుంది కనుక చీకటి పడగానే మొదలుపెడితేనే ఐదు గంటలు దక్కుతాయి. అక్టోబరు మొదటి వారంలో వానలు తెరపి ఇస్తే ఏడు గంటలొస్తాయి. ఈ తార సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చేది ఆగస్టు చివర్లో. ఆ నెల మనకు ఎలాగూ దక్కదు.

వరుసగా మూడు నాలుగు రాత్రులు కలిపితే శిఖరాలు సన్నబడతాయి గానీ కొత్త చిక్కొస్తుంది. పగటి ఖాళీల వల్ల ప్రతి శిఖరానికీ అటూ ఇటూ రోజుకు 1 చుట్టు దూరంలో నకళ్ళు లేస్తాయి. 67.9, 69.9 దగ్గర కనిపించేవి ఆ నకళ్ళే. ఏది అసలో తేల్చేది పొడవాటి ఒక్క రాత్రి డేటానే, ఎక్కువ రాత్రుల పోగు కాదు.

రెండిటి బలాబలాలు కూడా స్థిరం కావు. 2016లో ఈ తార బాగా మసకబారినప్పుడు 22.5 నిమిషాల లయా, దాని సగమైన 11.26 నిమిషాల లయా ముందుకొచ్చాయి. డిస్క్‌ను దాటుకుని వాయువు నేరుగా శ్వేతకుబ్జం మీదికి పడటం మొదలైతే అలా జరుగుతుంది. కనుక ఈ ఏడాది మీకు 20.9 తక్కువగా, 22.5 ఎక్కువగా వచ్చినా కంగారు పడకుండా అలాగే రాయండి.

వి1223 సాజిటేరీకి 479 సెకన్ల దగ్గర గట్టి శిఖరం వస్తోంది. మూడు రాత్రులు తీసినా అదే. ఎవరూ చెప్పని కొత్త పీరియడా? — అనంతపురం

మీ మౌంట్‌లో 180 పళ్ళ చక్రం ఉందా? ఆకాశం ఒక చుట్టు తిరిగే 86,164 సెకన్లను 180తో భాగించండి. 479 వస్తుంది.

చక్రాన్ని తిప్పే వార్మ్ స్క్రూ ఒక చుట్టు తిరిగేసరికి పట్టే కాలం అది. స్క్రూలో ఉన్న చిన్న వంకర వల్ల చుక్క చిప్ మీద కొన్ని పిక్సెళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ధూళి మచ్చ మీదికి వచ్చినప్పుడల్లా 0.01, 0.02 తగ్గుతుంది. మూడు రాత్రులు తీసినా అదే రావడం అందుకే: మౌంట్ మారలేదు కదా. 135 పళ్ళ మౌంట్లలో ఇది 638 సెకన్లు, 144 పళ్ళవైతే 598. ఆటోగైడింగ్ పెట్టి, ఫ్లాట్లు మళ్ళీ తీసి చూడండి. దానికంటే ముందు చేయాల్సింది, చెక్ తార డేటాను అదే పీరియడ్ వెతుకులాటలోంచి పంపడం. చెక్ తారకు కూడా 479 వస్తే అది తార పీరియడ్ కాదు. కొత్త పీరియడ్ ఏది కనబడినా ఈ ఒక్క పరీక్ష కాకుండా ఎవరికీ చెప్పకండి.

ఆ తార అసలు పీరియడ్లు: ఎక్స్‌రేల్లో భ్రమణం 746 సెకన్లు, మామూలు వెలుగులో ఎక్కువగా తేలేది 794 సెకన్ల బీట్. మీ డేటాలో అక్కడ కూడా ఒక శిఖరం ఉండే ఉంటుంది, 479 నీడలో పడి చూసి ఉండరు.

నేను మెల్‌బోర్న్‌లో ఫిబ్రవరి నడుమ, కర్నూలులో మా తమ్ముడు ఏప్రిల్ నడుమ ఈఎక్స్ హైడ్రే గ్రహణాలు తీశాం. ఒకే సూత్రంతో లెక్కిస్తే వాడివి నా వాటికంటే దాదాపు 4 నిమిషాలు ముందొస్తున్నాయి. ఇద్దరి కంప్యూటర్లూ ఇంటర్నెట్ సమయంతోనే ఉన్నాయి. — మెల్‌బోర్న్

మీ ఇద్దరి గడియారాలూ సరైనవే. భూమి జరిగింది. ఏప్రిల్ నడుమ భూమి సూర్యుడికంటే ఆ తారకు దగ్గరగా ఉంటుంది, వెలుగు మనకు 464 సెకన్లు ముందే చేరుతుంది. ఫిబ్రవరి నడుమ ఆ ముందంజ సుమారు 240 సెకన్లే. తేడా 3.7 నిమిషాలు, మీరు చూసింది అదే. సమయాలను సౌరకుటుంబపు ద్రవ్యకేంద్రానికి మార్చి, అంటే బ్యారీసెంట్రిక్ జూలియన్ డేట్‌కి మార్చి, మళ్ళీ పోల్చండి. గ్రహణమే రెండు మూడు నిమిషాలైనప్పుడు ఈ దిద్దుబాటు లేకుండా గీసిన గ్రాఫ్‌కు అర్థం లేదు.

మార్చాక కూడా తేడా మిగిలితే, ఆ తేడా ఎంతో చూస్తే కారణం దానంతట అదే తెలుస్తుంది. సరిగ్గా 69 సెకన్లుంటే ఒకరు యూటీసీలో (మామూలు గడియారాల ప్రపంచ సమయం), ఇంకొకరు టీడీబీలో (ద్రవ్యకేంద్రపు లెక్కలకు వాడే సమయం) లెక్కించారు. నాలుగు సెకన్ల లోపుంటే ఒకరు సూర్యకేంద్రానికీ ఒకరు ద్రవ్యకేంద్రానికీ దిద్దారు. ఎక్స్‌పోజర్‌లో సగమంత ఉంటే ఒకరు ఫైల్లో ఉన్న ప్రారంభ సమయాన్నే వాడారు, నడిమి సమయానికి తేలేదు. రాత్రి గడిచే కొద్దీ పెరుగుతుంటే కంప్యూటర్ మొదట ఒక్కసారే సమయం తెచ్చుకుని ఆ తర్వాత జారిపోతోంది. పది నిమిషాలకోసారి సరిచూసే ఎన్‌టీపీ ప్రోగ్రాం పెట్టాలి. గంటల్లో ఉంటే భారత కాలమానం లెక్క చెరిగింది. ఐదున్నర గంటలంటే భ్రమణంలో 4.92 చుట్లు. దాదాపు ఐదు కనుక పల్స్ గ్రాఫ్ బాగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది, కక్ష్యలో 3.36 చుట్లు కనుక గ్రహణం మాత్రం ఎక్కడో తేలుతుంది.

మీ తమ్ముడికి ఒక సౌకర్యం ఉంది. జూలియన్ రోజు గ్రీన్‌విచ్ మధ్యాహ్నం మొదలవుతుంది, మనకది సాయంత్రం ఐదున్నర. రాత్రంతా ఒకే పూర్ణాంకం నడుస్తుంది, తేదీ మార్పు గొడవ ఉండదు.

అన్నట్టు, మీ ఇద్దరూ ఒకే రాత్రి తీయండి. మెల్‌బోర్న్‌లో చీకటి ముందు పడుతుంది. అక్కడ మొదలుపెట్టి ఇక్కడ ముగిస్తే ఆరు గంటల డేటా పది గంటలు దాటుతుంది, 67 నిమిషాల శిఖరానికి అటూ ఇటూ 64, 70.3 నిమిషాల దగ్గర లేచే నకళ్ళు అణిగిపోతాయి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆస్ట్రోశాట్ డేటాలో ఇలాంటి తార ఎక్స్‌రే పల్స్ చూపించాలనుకుంటున్నాను. ఏ పరికరం, ఏ జాగ్రత్తలు? — హైదరాబాద్

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో మీకు పనికొచ్చేవి రెండు: 0.3 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌కిరణాల శక్తికి కొలమానం) దాకా చూసే సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోప్, 3 నుంచి 80 దాకా చూసే లాక్స్‌పీసీ. లాక్స్‌పీసీ పెద్దదే కానీ బొమ్మ తీయదు. సుమారు ఒక డిగ్రీ వెడల్పులోంచి వచ్చినదంతా కలిపి లెక్కపెడుతుంది. మసక తారకు బ్యాక్‌గ్రౌండ్ అంచనాలో చిన్న పొరపాటు జరిగితే పల్స్ శాతమే మారిపోతుంది. సాఫ్ట్ టెలిస్కోప్‌తో మొదలుపెట్టండి. ఇంకో కారణం కూడా ఉంది. వాయువు తెర తక్కువ శక్తి ఎక్స్‌కిరణాలను ఎక్కువగా మింగుతుంది కనుక ఈ తారల్లో చాలావాటిలో పల్స్ తక్కువ శక్తిలోనే లోతుగా ఉంటుంది. 0.5–2, 2–7 అని రెండు భాగాలు చేసి పీరియడ్ మీద విడివిడిగా మడిచి (చుట్లన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి) చూపిస్తే మీ ప్రాజెక్టుకు ఆ ఒక్క బొమ్మే ప్రాణం.

డేటా బెంగళూరు దగ్గర బ్యాలాలులోని ఇస్రో అంతరిక్ష విజ్ఞాన డేటా కేంద్రం ఆర్కైవ్‌లో పేరు నమోదు చేసుకుంటే దొరుకుతుంది. కక్ష్యల వారీగా ఉన్న ఈవెంట్ ఫైళ్ళను (ఒక్కో ఎక్స్‌రే కణం తాకిన సమయాల పట్టికలు) కలిపి, ముందు బ్యారీసెంటర్‌కు దిద్ది, తర్వాతే లైట్ కర్వ్ (కాలంతో మారే వెలుగు గ్రాఫ్) తీయండి. ఆ సీసీడీ ఒక ఫ్రేమ్ చదవడానికి 2.3775 సెకన్లు పడుతుంది. బిన్‌ను (లెక్క పోగేసే సమయపు ముక్కను) దాని గుణిజంగానే పెట్టండి, 25 ఫ్రేములైతే 59.4 సెకన్లు. ఊరికే 60 అని పెడితే కొన్ని బిన్‌లలో ఒక ఫ్రేమ్ ఎక్కువ పడి లేని లయ పుడుతుంది.

ఈఎక్స్ హైడ్రేతో మాత్రం ఒక తమాషా చిక్కుంది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగే కాలం సుమారు 98 నిమిషాలు. ఆ తార కక్ష్య 98.26. భూమి అడ్డొచ్చి చూపు తెగే ఖాళీ ప్రతి చుట్టులోనూ జంట కక్ష్యలో దాదాపు అదే భాగం మీద పడుతుంది. రోజంతా చూసినా జారేది పది నిమిషాల చుట్టూ మాత్రమే. గ్రహణం ఆ ఖాళీలో ఇరుక్కుందంటే మీకది అసలు దొరకకపోవచ్చు. 67 నిమిషాల పల్స్‌కి ఈ బాధ లేదు, దాని దశలు త్వరగానే నిండుతాయి. కనుక ప్రాజెక్టు శీర్షికలో భ్రమణం అని మాత్రమే రాసుకోండి. గ్రహణం కావాలంటే పొడవాటి కక్ష్యలో తిరిగిన ఉపగ్రహాల డేటా చూడాలి. 1983లో వెళ్ళిన యూరప్ ఎక్సోశాట్ ఒక చుట్టుకు 90 గంటలు తీసుకునేది. ఈ రకం తారల గురించి మొదట్లో అంత బాగా తెలియడానికి ఆ తెగని చూపే కారణం. ఇప్పటి ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌ది దాదాపు 48 గంటలు, దాని పాత డేటా కూడా ఉచితమే.

ఏఈ అక్వేరీ 33 సెకన్లకోసారి మిణుకుతుందట. 11వ మాగ్నిట్యూడే కదా, తీయలేమా? — నెల్లూరు

తీయొచ్చు, పల్స్ మాత్రం దొరకదు. మామూలు వెలుగులో దాని ఎత్తు ఒక శాతం కూడా ఉండదు, తార సొంత చిటపటలు దానికి ఎన్నో రెట్లు. ఎక్స్‌పోజర్ పీరియడ్‌లో పదో వంతుంటే పల్స్‌లో 98 శాతం మిగులుతుంది, సగముంటే 64, పీరియడంత ఉంటే సున్నా. అంటే 3 సెకన్లలో 0.001 మాగ్నిట్యూడ్ కొలవాలి. 8 అంగుళాల అద్దానికి గాలి మినుకే అంతకంటే ఎక్కువ.

వేగమైన పల్సే కావాలంటే ఏఆర్ స్కార్పియై చూడండి: 16 గంటల 21.8 నిమిషాలు, మైనస్ 22 డిగ్రీల 53 నిమిషాలు. 2015లో యూరప్ ఔత్సాహికులు దీని వింత మిణుకును పట్టుకుంటే, 2016లో అది శ్వేతకుబ్జ పల్సర్ అని తేలింది. దీనిలో వాయువు పడటం దాదాపు లేదు, ఎక్స్‌రేలు బాగా తక్కువ. కానీ 118 సెకన్ల బీట్ మీద వెలుగు 30 సెకన్లలోనే నాలుగు రెట్లయిన సందర్భాలున్నాయి. 10 అంగుళాల అద్దం, ఫిల్టర్ లేకుండా 10 సెకన్ల ఎక్స్‌పోజర్, మే నెల. వెలుగు 3.56 గంటల కక్ష్య పొడవునా బాగా మారుతుంది కనుక మొదటి అరగంటలో ఏమీ కనబడకపోతే మూట కట్టేయకండి, ఇంకో గంటన్నర ఆగండి.